క్షయక్రిమి ఆత్మరక్షణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము – ఈ మూడు పట్టణములును పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి అంచున, మైసూరు పీఠభూమిపై నున్నవి. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తు. తిరుపతిలో ఎండలు మండిపోవు దినములలో సైతము ఇచట సాయంకాలము చల్లని గాలి వీచును. ఆ గాలిని నమ్మియే మదనపల్లె చెంత, ఆరోగ్యవరమున, క్షయరోగుల శానటోరియము వెలసినది. 1912లో స్థాపింపబడిన ఆ సంస్థకు తొలి నాయకుడు డెన్మార్కు దేశపు వైద్యుడు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్. క్షయకు మందు లేని దినములవి. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి – ఇవియే చికిత్స. దక్షిణదేశపు పలు ప్రాంతములనుండి రోగులు అచటికి వచ్చి, నెలల తరబడి మంచముపై పడియుండి, ఆ గాలిని పీల్చుచు కాలము గడపిరి.

ఇందొక విచిత్రమున్నది. రోగి ఏ గాలిని కోరి అచటికి వచ్చెనో, అతని ఊపిరితిత్తులలోని క్రిమియు ఆ గాలినే కోరును. ఆమ్లజని లేనిదే క్షయక్రిమి వృద్ధిపొందజాలదు. పెద్దవారిలో అది తరచుగా ఊపిరితిత్తుల పైభాగమున స్థిరపడుటకు, అచట ఆమ్లజని హెచ్చుగా నుండుట ఒక కారణమని చెప్పుదురు. శానటోరియముల కాలమున ఛాతీలోనికి సూదితో గాలి నెక్కించి, రోగము తగిలిన ఊపిరితిత్తి ముడుచుకొనునట్లు చేయు చికిత్స విరివిగా నుండెను. ఊపిరితిత్తికి విశ్రాంతి యిచ్చుట అందలి ఉద్దేశము. అట్లు ముడుచుకొన్న చోట క్రిమికి ఊపిరి సలుపకుండుటయు సంభవించి యుండును.

ఇట్లు ఆమ్లజని వలన బ్రతుకు ఈ క్రిమికి ఆ ఆమ్లజనియే విషము కూడ. వినుటకు వింతగా దోచును గాని, ఇది క్షయక్రిమికే కాదు, గాలి పీల్చు ప్రతి జీవకణమునకును ఉన్న చిక్కు. ఆ విషమునుండి సూక్ష్మజీవులు తమ్ము తాము ఎట్లు కాపాడుకొనునో, ఆ రక్షణకును క్షయరోగి ప్రతిదినము మ్రింగు మాత్రకును గల సంబంధమేమో నేడు మనవి చేసెదను.

ఎదుటి పదార్థమునుండి ఎలక్ట్రానులను లాగికొనుట ఆమ్లజని స్వభావము. ఇనుము తుప్పుపట్టుట, కోసిన వంకాయ ముక్క నల్లబడుట, నిలువయున్న నేయి చెడువాసన వేయుట – ఇవన్నియు ఆ స్వభావపు ఫలములే. జీవకణములో ఆహారము దహింపబడునప్పుడు ఒక్కొక్క ఆమ్లజని అణువు నాలుగు ఎలక్ట్రానులను గ్రహించి, ఉదజనితో కలిసి నీరగును. అది సక్రమమైన మార్గము. కాని నాలుగు మెట్లును ఎక్కక నడుమ నిలిచిపోవు అణువులు కొన్ని యుండును. ఒక్క ఎలక్ట్రానుతో నిలిచినది సూపరాక్సైడు. రెండింటితో నిలిచినది హైడ్రోజన్ పెరాక్సైడు. ఈ పెరాక్సైడునకు ఇనుము తోడైనచో హైడ్రాక్సిల్ అను తునుక పుట్టును. అన్నిటిలో దుష్టమైనది ఇదియే. డి.ఎన్.ఏ. కానిండు, మాంసకృత్తు కానిండు, క్రొవ్వు కానిండు, చేరువనున్న దేనినైనను గాయపరచును. ఇనుమును పెరాక్సైడును కలిసినప్పుడు జరుగు ఈ తీవ్రమైన చర్యను 1894లో ఫెంటన్ అను ఆంగ్ల రసాయనికుడు వర్ణించెను. ఇనుము లేనిదే జీవకణపు పని సాగదు. కావున ఈ నిప్పు బయటినుండి రానక్కరలేదు, ఇంటిలోనే యున్నది.

హైడ్రోజన్ పెరాక్సైడు 1818లో థెనార్ అను ఫ్రెంచి రసాయనికుడు కనుగొన్న ద్రవము. నేడది మందుల దుకాణములలో సీసాలలో దొరకును. పిల్లవాని మోకాలికి తగిలిన దెబ్బపై దానిని పోసినప్పుడు బుసబుస నురుగు లేచుట మీలో ననేకులు చూచియే యుందురు. క్రిములు చచ్చుటచేత ఆ నురుగు వచ్చునని కొందరు తలచెదరు. అది సరి కాదు. మన రక్తములోను కండలోను కెటలేస్ అను ఎంజైము కలదు. అది పెరాక్సైడును నీరుగను ఆమ్లజనిగను విడగొట్టును. ఆ ఆమ్లజనియే బుడగలై పైకి వచ్చును. ఒక్క కెటలేస్ అణువు సెకండునకు లక్షలకొలది పెరాక్సైడు అణువులను ఇట్లు విరుగగొట్టగలదు. మనకున్నట్లే పెక్కు సూక్ష్మజీవులకును కెటలేస్ కలదు. గాజు పలకపై నుంచిన క్రిములకు ఒక చుక్క పెరాక్సైడు తగిలించి, బుడగలు వచ్చునో రావో చూచుట ప్రయోగశాలలో విద్యార్థులు మొట్టమొదట నేర్చుకొను పరీక్షలలో నొకటి. ఈ బుడగల సంగతి మనసున నుంచుకొనుడు. మదనపల్లె రోగుల కథలో ఇవి మరల వచ్చును.

మన దేహము ఈ విషమును ఆయుధముగా చేసికొన్నది. రక్తములోని తెల్లకణములును, ఊపిరితిత్తులలో కాపలా తిరుగు పెద్ద భక్షక కణములును, క్రిమిని పట్టి మ్రింగి, తమలోపలి సంచిలో బంధించి, దానిపై సూపరాక్సైడును కుమ్మరించును. అది పెరాక్సైడుగా మారును. ఈ ఆయుధమును తయారుచేయు శక్తి పుట్టుకతోనే లోపించిన పిల్లలు అరుదుగా నుందురు. వారిని ఒకదాని వెంట నొకటిగా అంటురోగములు పీడించును. ఇతర శిశువులకు మేలు చేయు బి.సి.జి. టీకాయే వారిలో కొందరికి కీడు చేయును. ఆ పిల్లలను చూచినప్పుడు ఈ ఆయుధపు విలువ వైద్యులకు తెలిసివచ్చినది.

ఇక క్రిమి పక్షము చూతము. ఆయుధము మీద పడిన పిదప డాలు చేసికొనుట ఇల్లు కాలునప్పుడు నుయ్యి త్రవ్వినట్లగును గదా. అట్లని ఎల్లప్పుడును డాళ్ళు తయారుచేయుచు కూర్చుండుట దండుగ వ్యయము. కావున విషము తగిలిన క్షణముననే పసిగట్టు కావలివాడు కావలెను. అట్టి కావలివాడు 1980ల దశకమున దొరకెను. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బ్రూస్ ఏమ్స్ ప్రయోగశాలలో సాల్మొనెల్లా అను ప్రేవుల క్రిములకు మొదట పెరాక్సైడు రుచిని అతి స్వల్పముగా చూపిరి. ఆ స్వల్పమును చవిచూచిన క్రిములు, మామూలుగా ప్రాణము తీయు మోతాదును సైతము ఆ పిమ్మట తట్టుకొనెను. ఆ వ్యవధిలో అవి సుమారు 30 మాంసకృత్తులను క్రొత్తగా తయారుచేసికొనెనని తేలెను. వానిలో కొన్నిటిని మేలుకొలుపునది ఆక్సీ-ఆర్ అను మరియొక మాంసకృత్తు అని వారు 1985లో ప్రకటించిరి.

ఆక్సీ-ఆర్ పనిచేయు విధము నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. దాని దేహమున గంధకము గల రెండు స్థానములున్నవి. సామాన్యముగా అవి ఒకదానికొకటి దూరముగా నుండును. పెరాక్సైడు వచ్చి తాకగానే ఆ రెండు గంధకములును గడియ పడినట్లు ఒకటితో నొకటి ముడిపడును. ముడిపడుటతో ఆ మాంసకృత్తు రూపమే మారి, డి.ఎన్.ఏ.పై పట్టు మారి, ఉత్తరువులు వెలువడును: కెటలేస్ తయారుకావలెను, డి.ఎన్.ఏ.కు కవచము కప్పవలెను, తిరుగాడు ఇనుమును కొట్టులో పెట్టవలెను. ఇదంతయు నిమిషము తిరుగకమునుపే ఆరంభమగును. విషము తొలగినంతనే కణములోని మరియొక సాధనము ఆ గడియను తీసివేయును, ఉత్తరువులు ఆగిపోవును. సూపరాక్సైడును కనిపెట్టుటకు సాక్స్-ఆర్ అను వేరొక కావలివాడు గలడు. అతని చేతిలో ఇనుము-గంధకముల చిన్న గుత్తి యొకటి యుండును. దానిలోని ఎలక్ట్రాను పోయినచో అతడు మేల్కొనును.

ఇంత చక్కని ఏర్పాటు సామాన్యమైన ప్రేవుల క్రిములకే యుండగా, మానవజాతిని వేల సంవత్సరములు పీడించిన క్షయక్రిమికి ఇంకెంత గొప్ప కావలి యుండునో యని ఎదురుచూచుట సహజము. కాని 1995లో పరిశోధకులు చూడగా, దాని ఆక్సీ-ఆర్ జన్యువు పలుచోట్ల చెడి, అర్థము లేని వ్రాతవలె మిగిలియుండెను. కావలివాడు ఏనాడో చనిపోయెను. పాడుపడిన గది మాత్రము మిగిలెను. కెటలేస్ జన్యువు ప్రక్కనే ఫర్-ఏ అను వేరొక మాంసకృత్తు ఆ జన్యువును అదుపులో నుంచుచున్నది. దానికి తోడు మైనము వంటి దళసరి పైపొర, సూపరాక్సైడును హరించు ఎంజైము, గంధకము గల చిన్న రక్షకద్రవ్యములు ఉన్నవి. అయినను ముఖ్యమైన డాలు క్యాట్-జి అను కెటలేసే. కుష్ఠు క్రిమిలో సంగతి సరిగా తలక్రిందులు: దానికి ఆక్సీ-ఆర్ జన్యువు చెడలేదు, క్యాట్-జి జన్యువు మాత్రము చెడిపోయినది. దగ్గరి చుట్టములైన ఈ రెండు క్రిములలో ఒకటి కావలివానిని, మరియొకటి డాలును పోగొట్టుకొన్నవి.

ఇప్పుడు మందు సంగతికి వత్తము. ఆరోగ్యవరపు శానటోరియము స్థాపింపబడిన 1912లోనే, ఐరోపాలోని ప్రేగ్ నగరమున మేయర్, మల్లీ అను ఇద్దరు రసాయనికులు తమ పట్టపరిశోధనలో భాగముగా ఒక పదార్థమును తయారుచేసిరి. అది దేనికి పనికివచ్చునో వారెరుగరు. ఐసోనియజిడ్ అను ఆ పదార్థము క్షయక్రిమికి మృత్యువని 1952లో మూడు మందుల కంపెనీలు దాదాపు ఒక్కసారిగా కనుగొనెను. ఆ నలువది సంవత్సరములలో ఎందరు రోగులు కిటికీవంక చూచుచు కన్నుమూసిరో తలచుకొన్నచో మనసు కలుక్కుమనును. మందు చౌక. మ్రింగుట సులభము.

మన ప్రాంతమునకు అట్టి సులభమైన మందు ఎంత అవసరమో అప్పటికే తెలియుచుండెను. 1950 మొదలుకొని డాక్టరు జోహాన్నస్ ఫ్రిమోడ్ట్ మోలర్ మదనపల్లెలోను చుట్టుపట్ల గ్రామములలోను జనులను పరీక్షించి క్షయవ్యాప్తిని కొలుచుచుండెను. రోగము పట్టణములకు పరిమితమైనది కాదు. ఆ పల్లెలలోని రోగుల కందరికిని ఏ శానటోరియములోను మంచములు చాలవు. 1956లో మద్రాసున క్షయచికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడెను. ఐసోనియజిడును పాస్ అను మందును ఒక సంవత్సరము ఇంటివద్దనే పుచ్చుకొన్న పేదరోగులు, శానటోరియములో నుండి పుచ్చుకొన్నవారితో దాదాపు సమానముగా కోలుకొనిరని ఆ కేంద్రము 1959లో ప్రకటించెను. పుంగనూరులోని నేతగాడును కుప్పములోని కూలివాడును పని మానుకొని, భార్యాబిడ్డలను విడిచి, నెలలపాటు వేరొక చోట మంచము పట్టనక్కర లేకపోయెను. ప్రపంచమంతట క్షయచికిత్స ఆసుపత్రి గడపదాటి ఇంటికి చేరుటకు ఈ మద్రాసు పరిశోధన ముఖ్యకారణము.

కాని ఇంటికి చేరిన మాత్ర ఒక్కొక్కప్పుడు గూటిలోనే యుండిపోవును. దగ్గు తగ్గగానే మందు మానుట మానవ స్వభావము. రెండు మందులలో చేదైనదానిని వదలి ఒక్కదానినే మ్రింగువారు నుండిరి. పాస్ మ్రింగుట కష్టమని ఆనాటి రోగులందరును చెప్పినదే. ఐసోనియజిడ్ ఒక్కటియే ఇచ్చి చూచిన మద్రాసు పరిశోధనలలో పలువురి క్రిములు కొలది నెలలలో ఆ మందునకు లొంగనివయ్యెను. ఈ లొంగని క్రిములనే 1950లలో అమెరికాలో మిడిల్‌బ్రూక్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి ఒక ఆశ్చర్యకరమైన సంగతి కనుగొనియుండెను. వానిలో పెక్కింటిపై పెరాక్సైడు చుక్క వేసినచో బుడగలు రాలేదు! అవి తమ కెటలేసును పోగొట్టుకొన్నవి. గినీ పందులలో అవి తేలికైన రోగమునే కలిగించెను.

శత్రువు ఎదుట డాలును పారవేయు సైనికుడెవ్వడు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు 1992 దాక ఆగవలసి వచ్చెను. ఆ సంవత్సరము యింగ్ జాంగ్ మొదలైనవారు క్యాట్-జి జన్యువునకును ఐసోనియజిడునకును గల సంబంధమును నిరూపించిరి. ఐసోనియజిడ్ స్వతహాగా విషము కాదు. క్రిమిలోనికి ప్రవేశించిన పిమ్మట, పెరాక్సైడుపై పనిచేయు ఆ క్యాట్-జి ఎంజైమే దానిని విరిచి విషముగా మార్చును. ఆ విషము క్రిమి మైనపుపొర నిర్మాణమును అడ్డుకొనును. అనగా క్రిమి తన డాలుతోనే తన గొంతు కోసికొనుచున్నది. క్యాట్-జి లేని క్రిమి ఐసోనియజిడునకు బెదరనక్కర లేదు. కాని మన భక్షక కణములు కుమ్మరించు పెరాక్సైడు ఎదుట అది కవచము లేనిదగును. క్యాట్-జి చెడిన కుష్ఠు క్రిమిపై ఐసోనియజిడ్ పనిచేయకపోవుటకును ఇదియే కారణము.

ఇచట మన దక్షిణదేశపు క్రిములనుగూర్చి ఒక మాట చెప్పకుండ ముందునకు సాగలేను. 1960 ప్రాంతమున మద్రాసు రోగుల కళ్ళెనుండి తీసిన క్రిములను ఇంగ్లండు రోగుల క్రిములతో సుబ్బయ్య, మిచిసన్, సెల్కన్ అనువారు పోల్చిచూచిరి. ఇవి ఇంకను మందునకు లొంగు క్రిములే. అయినను మన క్రిములలో పెక్కు పెరాక్సైడు తగిలినచో త్వరగా చచ్చెను. గినీ పందులలోను అవి సగటున తక్కువ తీవ్రతను చూపెను. కెటలేస్ తక్కువ యగుటచే ఇట్లు జరుగుచున్నదా యని కొలిచిచూడగా, ఆ కొలతలు వ్యత్యాసమును వివరింపలేకపోయెను. డాలు ఉన్నది, కాని డాలు ఒక్కటియే రక్షణ కాదని దీనివలన తేలుచున్నది. గినీ పందులకు తేలికైనవని ఈ క్రిములను చులకన చేయుటకు వీలులేదు. అవి సేకరింపబడినది మంచమున బడిన మద్రాసు మనుష్యులనుండి గదా!

కెటలేసును కోల్పోయి బలహీనమైన క్రిమిని చూచి, మందునకు లొంగనిది అంతగా వ్యాపింపదులే యని ఆనాడు కొందరు ఊరట చెందిరి. ఆ ఊరట నిలువలేదు. కోట్లాది క్రిములు కోట్లాది రోగులలో పెరుగుచుండగా, వానికి రెండు ఉపాయములు దొరకెను. మొదటిది, పోయిన డాలునకు బదులుగా అహ్‌ప్-సి అను చిన్న డాలును అధికముగా తయారుచేసికొనుట. దీనిని 1996లో గుర్తించిరి. రెండవది మరింత సూక్ష్మమైనది. క్యాట్-జి 740 అమినో ఆమ్లముల గొలుసు. అందు 315వ స్థానమున నుండు సెరీన్ పోయి త్రియోనీన్ వచ్చి చేరును. జన్యువులో మారినది ఒక్క అక్షరమే. దానితో ఐసోనియజిడ్ చొరవలసిన ద్వారము ఇరుకై, మందు విషముగా మారుట మిక్కిలి తగ్గును. పెరాక్సైడును విరుచు శక్తి మాత్రము చాలవరకు నిలిచియుండును. డాలు చేతిలోనే యున్నది, గొంతు కోసికొనుట మాత్రము తప్పినది. ప్రపంచమంతట ఐసోనియజిడునకు లొంగని క్షయక్రిములలో హెచ్చుభాగము ఈ మార్పు గలవే. అవి ఒకరినుండి మరియొకరికి చక్కగా అంటుకొనును.

ఈ మార్పును మందు పుట్టించినదని తలపరాదు. మందు ఎరుగని రోగిలో సైతము ప్రతి 10 లక్షల క్రిములలో సుమారు ఒకటి ఐసోనియజిడునకు లొంగనిదిగా పుట్టుచునే యుండును. ఊపిరితిత్తిలో పుండు పడి ఏర్పడిన గుంటలో 10 కోట్ల క్రిములున్నవనుకొనుడు. అందు నూరు లొంగనివి మొదటినుండియు నున్నట్లే. ఐసోనియజిడ్ ఒక్కటియే ఇచ్చినచో తక్కినవి చచ్చి, ఆ నూరింటికి పొలము ఖాళీ యగును. రిఫాంపిసిన్ అను మందునకు లొంగనిది సుమారు 10 కోట్లకు ఒకటి. ఆ రెంటికిని ఒక్కసారిగా లొంగని క్రిమి పుట్టవలెనన్నచో ఒక రోగి దేహములో నుండగల క్రిముల సంఖ్యయే చాలదు. నేడు క్షయకు తొలి 2 నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అను నాలుగు మందులును, తరువాత 4 నెలలు పైరజినమైడ్ విడిచి తక్కిన మూడును కలిపి ఇచ్చుటలోని లెక్క ఇది. ప్రభుత్వము వీనిని ఉచితముగా నిచ్చుచున్నది. నడుమ కొన్ని దినములు మాని, మరల కొన్ని దినములు మ్రింగి, ఒకటి విడిచి ఒకటి పుచ్చుకొన్నచో ఈ లెక్క తప్పును. ఆ తప్పిన లెక్కవలన పుట్టిన క్రిమి ఆ రోగి యింటిలోనివారికి మొదటినుండియే లొంగని క్రిమిగా అంటును. మందు ఒక్కనాడును తప్పింపని ఇల్లాలు కూడ అట్లు అంటిన రోగముతో బాధపడవచ్చును.

ఆరోగ్యవరపు శానటోరియము నేడు ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ అను పేరున అన్ని రోగములకును చికిత్స చేయు ఆసుపత్రిగా నున్నది. బుడగలు చూచి మందునకు లొంగునో లొంగదో ఊహించు కాలము గడచినది. పుంగనూరులోగాని కుప్పములోగాని ఎవరికైన రెండు వారములకు మించి దగ్గు విడువక, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కనబడినచో, వారి కళ్ళెను పరీక్షింతురు. అందు క్షయక్రిమి యున్నదని తేలినపుడు దాని జన్యువులను చదువు పరీక్ష పెద్ద ప్రయోగశాలలలో జరుగును. సన్నని కాగితపు పట్టీపై వరుసగా గీతలు తేలును. అందొక గీత క్యాట్-జి జన్యువులో 315వ స్థానమునకు సంబంధించినది. ఆ స్థానమున అక్షరము మారినట్లు గీత చూపినచో, రిఫాంపిసిన్ మాత్రము పనిచేయుచున్నచో, వైద్యుడు ఐసోనియజిడును తీసివేసి, దాని స్థానమున లీవోఫ్లాక్సాసిన్ చేర్చి, నాలుగు మందులును 6 నెలలపాటు విడువక వాడవలసినదని చీటీ వ్రాసి యిచ్చును.